సైజు ఒకటే మాట, కొలతలు మూడు: వెబ్‌సైట్ కోసం కుదించిన ఫోటోలో నాణ్యత ఎక్కడ పోతోంది

సంక్షిప్తంగా: ఫోటోను చిన్నది చేయడం వల్లే నాణ్యత పోతుందన్న అభిప్రాయం సగమే నిజం. పిక్సెళ్ల (ఫోటోను ఏర్పరిచే రంగు చుక్కల) సంఖ్యను తగ్గించడం ఒక పని, ఫైల్ బరువును తగ్గించడం మరో పని. ఈ రెండింటినీ కలగలిపి, తప్పు వరుసలో, మళ్లీ మళ్లీ చేయడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతోంది. అసలు ఫైల్ నుంచి, చూపే వెడల్పుకు తగినట్లు, ఒకేసారి కుదించి ఒకేసారి కంప్రెస్ చేసిన ఫోటో పదో వంతు బరువులో కూడా కంటికి తేడా తెలియకుండా నిలుస్తుంది.

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. కొత్తవాడ మగ్గం మీద నేసిన జంపఖానాను ఆన్‌లైన్‌లో కొనేవారు చేత్తో తడిమి చూడలేరు కాబట్టి, నేత ఎలా ఉందో, రంగు ఎలా ఉందో వారికి చెప్పేది ఫోటో ఒక్కటే. ఆ ఫోటో సాధారణంగా ఫోన్‌తో తీసినదై, 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు, నాలుగైదు ఎంబీల బరువు కలిగి ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్లు వెబ్‌సైట్‌లో పెడితే పేజీ త్వరగా తెరుచుకోదు. కుదించి పెడితే చారలు చెదిరిపోయి, అంచులు మసకబారి, వాడుకలో చెప్పుకునే మాటలో ‘ఫోటో పగిలిపోతుంది’. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లు అనిపించే ఈ పరిస్థితి చేనేత అమ్మకందారులకే పరిమితం కాదు. గుడి చరిత్ర రాసేవారికీ, ఊరి వార్తల పేజీ నడిపేవారికీ, ఫోటో స్టూడియో యజమానులకూ ఇదే ఎదురవుతోంది.

ఒకే పేరుతో తిరిగే మూడు కొలతలు

గందరగోళానికి మొదటి కారణం ‘సైజు’ అనే మాటలోనే ఉంది. స్టూడియోలో సైజు అంటే కాగితం కొలత: పాస్‌పోర్ట్ సైజు, పోస్ట్‌కార్డ్ సైజు. ఇంటర్నెట్ సెంటర్‌లో ఉద్యోగ దరఖాస్తు నింపేటప్పుడు సైజు అంటే ఫైల్ బరువు. కొన్ని బ్యాంకు ఉద్యోగాల దరఖాస్తుల్లో ఫోటో 20 నుంచి 50 కేబీల మధ్య ఉండాలన్న షరతు చాలామందికి పరిచయమే. వెబ్‌సైట్ తయారుచేసే వ్యక్తి సైజు అన్నప్పుడు మాత్రం పిక్సెళ్ల లెక్కలో వెడల్పును, ఎత్తును ఉద్దేశిస్తాడు. ‘సైజు తగ్గించి పంపండి’ అన్న ఒక్క వాక్యాన్ని ముగ్గురు మూడు విధాలుగా అర్థం చేసుకుని మూడు వేర్వేరు పనులు చేస్తారు, ఫోటో పాడైన తరువాత తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ అంతుచిక్కదు.

కాగితం కొలతకు వెబ్‌సైట్‌తో సంబంధం లేదు. స్టూడియోల్లో తప్పనిసరిగా వినిపించే 300 డీపీఐ అనే సంఖ్య, ఒక అంగుళం కాగితం మీద ఎన్ని పిక్సెళ్లు పరచాలో ప్రింటర్‌కు చెప్పే సూచన మాత్రమే. 1200 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటో 300 డీపీఐ దగ్గర 4 అంగుళాల ప్రింటు అవుతుంది, 72 డీపీఐ దగ్గర దాదాపు 16.7 అంగుళాలు అవుతుంది. బ్రౌజర్ ఈ సూచనను పట్టించుకోదు; రెండు సందర్భాల్లోనూ అది చూసేది అవే 1200 పిక్సెళ్లను. వెబ్ కోసం 72 డీపీఐకి మార్చాలన్న సలహా ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది గానీ, ఆ సంఖ్య ఒక్కదాన్నే మార్చితే ఫోటోలో ఒక్క పిక్సెల్ కూడా మారదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అదే చోట ‘రీశాంపుల్’ అనే గడికి టిక్కు పెట్టి ఉంటే మాత్రం డీపీఐతో పాటు పిక్సెళ్లు కూడా తగ్గిపోతాయి. ఆ సలహా పనిచేస్తుందన్న భ్రమకు మూలం బహుశా ఇదే.

కాబట్టి మిగిలేవి రెండు కొలతలు: పిక్సెళ్ల సంఖ్య, ఫైల్ బరువు. మొదటిదాన్ని తగ్గించడాన్ని ఈ వ్యాసంలో కుదించడం అనీ, రెండోదాన్ని తగ్గించడాన్ని కంప్రెషన్ అనీ అనుకుందాం. ఈ రెండూ నాణ్యతను దెబ్బతీసే తీరు పూర్తిగా వేరు.

చారల జంపఖానా మీద దొంగ పట్టీలు

4000 పిక్సెళ్ల వెడల్పును 800కు కుదించడమంటే, ప్రతి వరుసలోనూ ఐదు పిక్సెళ్ల స్థానంలో ఒక్కటి మిగలాలి. ఆ ఒక్కటి ఏ రంగులో ఉండాలన్నదే అసలు ప్రశ్న. అన్నిటికంటే తేలికైన పద్ధతి ఐదింటిలో ఒకదాన్ని ఉంచుకుని నాలుగింటిని పారేయడం. దీన్ని నియరెస్ట్ నైబర్ అంటారు. జింప్ సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్‌పొలేషన్ కింద ‘నన్’ అని కనిపించేది ఇదే.

దీని ఫలితం జంపఖానా మీద స్పష్టంగా బయటపడుతుంది. నేతలో ఒక ముదురు దారం, ఒక లేత దారం కలిసిన జత అసలు ఫోటోలో 5.2 పిక్సెళ్ల వెడల్పును ఆక్రమించిందనుకుందాం. సాఫ్ట్‌వేర్ ప్రతి ఐదో పిక్సెల్‌ను ఏరుకుంటూ పోతుంది. మొదటిసారి ముదురు దారం నడిమధ్యన పడిన అడుగు, రెండోసారి తరువాతి ముదురు దారం మధ్యకు 0.2 పిక్సెల్ ఇవతలే పడుతుంది, మూడోసారి 0.4 పిక్సెల్ ఇవతల పడుతుంది. ఇలా జారుతూ జారుతూ, పదమూడో అడుగు వేసేసరికి పూర్తిగా లేత దారం మీదికి చేరుతుంది; 26 అడుగులు పూర్తయ్యేసరికి మళ్లీ ముదురు దారం మీదికి వస్తుంది. ఫలితంగా, కుదించిన ఫోటోలో 26 పిక్సెళ్లకొకటి చొప్పున, 800 పిక్సెళ్ల వెడల్పులో సుమారు ముప్ఫై వెడల్పాటి పట్టీలు కనిపిస్తాయి. అవి మగ్గం మీద ఎవరూ నేయనివి, లెక్కలోంచి పుట్టుకొచ్చినవి. ఇంగ్లిష్‌లో దీన్ని మోయిరే అంటారు. జంపఖానా కొనేవాడికి ఈ మాట తెలియకపోవచ్చు గానీ, ఆ పట్టీలే అసలు డిజైన్ అని నమ్మి, సరుకు చేతికొచ్చాక వేరేది పంపారని అనుకునే అవకాశం మాత్రం నిజంగానే ఉంది.

ఒక ముదురు గీత, ఒక లేత గీత విడివిడిగా కనిపించాలంటే వాటికి కనీసం రెండు పిక్సెళ్లు కావాలి. అంతకంటే తక్కువ చోటు ఉన్నప్పుడు ఆ గీతలను నిజాయితీగా చూపే మార్గం ఏ సాఫ్ట్‌వేర్‌కూ లేదు. మంచి పద్ధతి చేసేది, చూపలేని సన్నటి వివరాన్ని ముందుగానే నునుపు చేసి, ఆ రెండు రంగుల సగటును ఉంచడం. బైలీనియర్, బైక్యూబిక్, లాంక్జోస్ అనే పద్ధతులన్నీ ఈ సగటును వేర్వేరు తూకాలతో తీస్తాయి. బైలీనియర్ చుట్టూ ఉన్న నాలుగు పిక్సెళ్లతో సరిపెట్టుకుంటుంది. బైక్యూబిక్ పదహారింటిని చూస్తుంది. హంగరీకి చెందిన గణిత శాస్త్రజ్ఞుడు కార్నీలియస్ లాంక్జోస్ పేరు మీద ఉన్న మూడో పద్ధతి ఇంకా విశాలంగా చూసి, దగ్గరి పిక్సెళ్లకు ఎక్కువ తూకం ఇస్తూ, కాస్త దూరంగా ఉన్నవాటికి రుణాత్మక తూకం కూడా వేస్తుంది. ఆ రుణాత్మక తూకం వల్లే అంచులు పదునుగా నిలుస్తాయి. అదే కారణంగా నల్లటి గోపురం రేఖ వెనుక తెల్లటి ఆకాశం ఉన్నప్పుడు అంచు వెంట సన్నటి వెలుగు గీత ఏర్పడుతుంది కూడా. మామూలు ఫోటోలకు బైక్యూబిక్ గానీ లాంక్జోస్ గానీ చాలు, వాటి మధ్య తేడా కోసం తలబద్దలు కొట్టుకోవాల్సినంత లేదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. బైలీనియర్ నాలుగు పిక్సెళ్లనే చూస్తుంది కాబట్టి, ఐదో వంతుకు కుదించేటప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని అలాగే వాడితే చాలా పిక్సెళ్లు లెక్కలోకే రావు, దొంగ పట్టీలు మళ్లీ తలెత్తుతాయి.

ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. ఎంత మంచి పద్ధతితో కుదించినా 800 పిక్సెళ్లలో పూర్తి జంపఖానాను చూపితే దారాల జత కనిపించదు, సమంగా పరచుకున్న రంగు మాత్రమే కనిపిస్తుంది. నేత నాణ్యతే చూపదలచుకున్నప్పుడు కుదించడం కంటే కత్తిరించడం మేలు: పూర్తి జంపఖానాకు ఒక ఫోటో, అసలు ఫైల్‌లోంచి పడుగు, పేక కనిపించేలా ఒక మూలను కుదించకుండా కోసి తీసిన రెండో ఫోటో. వేయిస్తంభాల గుడి స్తంభాల మీద యంత్రంతో తిప్పినట్లుండే సన్నటి వలయాలకూ ఇదే వర్తిస్తుంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిని ఫోన్ తెర మీద ఒకే ఫోటోలో మొత్తం చూపితే వలయాలు పోతాయి. వలయాలు కావాలంటే ఒక్క స్తంభాన్నే చూపాలి.

కుదించిన తరువాత ఏ ఫోటో అయినా కొద్దిగా మెత్తబడుతుంది. సగటు తీయడంలో ఇది సహజం. అందుకే చివరి కొలతకు వచ్చాక, అప్పుడు మాత్రమే, స్వల్పంగా షార్పెనింగ్ ఇస్తారు, అంటే అంచులకు పదును పెడతారు. ఆ పని చేసే అన్‌షార్ప్ మాస్క్ అనే సదుపాయంలో అర పిక్సెల్ నుంచి ఒక పిక్సెల్ వరకు వ్యాసార్థం ఇలాంటి చిన్న ఫోటోలకు సరిపోతుంది. కుదించడానికి ముందు చేసిన షార్పెనింగ్ చాలావరకు సగటులో కరిగిపోతుంది, లేదా దొంగ పట్టీలను మరింత ఎత్తి చూపుతుంది.

వెండి తీగ ఎందుకు నల్లబడుతుంది

కరీంనగర్ వెండి ఫిలిగ్రీ వస్తువులను సాధారణంగా నల్లటి లేదా ముదురు నీలం మఖ్మల్ గుడ్డ మీద పెట్టి ఫోటో తీస్తారు. జుట్టంత సన్నని వెండి తీగల అల్లిక అసలు ఫోటోలో తళతళలాడుతూ ఉండి, కుదించగానే బూడిద రంగుకు దిగిపోతుంది. దీనికి కెమెరా గానీ వెలుతురు గానీ కారణం కాదు.

ఫోటోలో పిక్సెల్ విలువ 0 నుంచి 255 వరకు ఉంటుంది. ఆ సంఖ్య వెలుగు పరిమాణానికి నేరుగా సమానం కాదు. మన కన్ను చీకటి ఛాయల మధ్య తేడాను ఎక్కువగా గుర్తిస్తుంది కాబట్టి, సంఖ్యల్లో ఎక్కువ భాగాన్ని చీకటి ఛాయలకు కేటాయించేలా ఒక వంపు గీతను మధ్యలో పెట్టారు. అందువల్ల 128 అనే విలువ 255లో సగమే అయినా, తెర మీద అది ఇచ్చే వెలుగు పూర్తి తెలుపులో దాదాపు 22 శాతమే. ఒక తెల్లటి తీగ పిక్సెల్, పక్కనే ఒక నల్లటి గుడ్డ పిక్సెల్ కలిసి ఒకటిగా మారేటప్పుడు, నిజమైన వెలుగులో సగం నిలవాలంటే ఆ పిక్సెల్‌కు 188 విలువ రావాలి. సాఫ్ట్‌వేర్ సంఖ్యలను నేరుగా కూడి రెండుతో భాగిస్తే వచ్చేది 128. ఫలితంగా, ఉండాల్సిన వెలుగులో సగం కంటే తక్కువే మిగులుతుంది.

సాధారణ ఫోటోల్లో, అంటే ముఖాలు, పొలాలు, వీధులు ఉన్నవాటిలో, ఈ తేడా కంటికి ఆనదు. పక్కపక్క పిక్సెళ్లు దాదాపు ఒకే వెలుగులో ఉన్నప్పుడు రెండు లెక్కలూ ఒకే చోటికి చేరతాయి. ముదురు నేపథ్యం మీద సన్నటి తెల్లటి వివరం ఉన్నప్పుడే నష్టం బయటపడుతుంది: ఫిలిగ్రీ, రాత్రిపూట దీపాల తోరణాలు, నల్లటి రాతి మీద పడిన ఎండ మెరుపులు. ఇటువంటి వాటికి లీనియర్ లైట్‌లో, అంటే సంఖ్యలను ముందు నిజమైన వెలుగుగా మార్చుకుని, కుదించే సదుపాయం ఉన్న సాఫ్ట్‌వేర్‌ను వాడటం నిజంగా ప్రయోజనకరం. అది లేనప్పుడు కుదించిన తరువాత మధ్య ఛాయలను కొద్దిగా పైకి లేపితే కొంతవరకు సర్దుకుంటుంది.

జేపెగ్ దేన్ని పారేస్తుంది

కుదించడం ముగిశాక కంప్రెషన్ మొదలవుతుంది. ఫోటోలకు ఎక్కువగా వాడే జేపెగ్ ప్రమాణం 1992 నాటిది. దాని గుండెకాయ డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అనే గణిత ప్రక్రియ. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, ఆయనతో కలిసి టి. నటరాజన్, కె.ఆర్. రావు 1974లో ప్రచురించిన పరిశోధన పత్రం ద్వారా అది లోకానికి తెలిసింది. ఈ రోజు ప్రపంచంలో ఏ మూల తెరిచిన జేపెగ్ ఫోటో వెనుకనైనా ఆ ముగ్గురి లెక్క ఉందన్న సంగతి మన దగ్గర ఎక్కువమందికి తెలియకపోవడం విచారకరం.

జేపెగ్ ఫోటోను నిలువు 8, అడ్డం 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొడుతుంది. 4000కు 3000 ఫోటోలో ఇలాంటి గళ్లు 1,87,500 ఉంటాయి. 800కు 600 ఫోటోలో 7,500 మాత్రమే. ప్రతి గడిలోని 64 విలువలను, నెమ్మదిగా మారే ఛాయల నుంచి గబగబా మారే సన్నటి వివరాల వరకు, 64 అలల మొత్తంగా తిరగరాస్తుంది. ఆ తరువాత ఒక్కో అల బలాన్ని ఒక్కో సంఖ్యతో భాగించి దశాంశాలను వదిలేస్తుంది. సన్నటి వివరాలను పెద్ద సంఖ్యతో భాగించడం వల్ల వాటిలో చాలావరకు సున్నాలుగా మారిపోతాయి. సున్నాల వరుసను దాచడానికి పెద్దగా చోటు అక్కరలేదు. క్వాలిటీ అని మనం ఎంచుకునే సంఖ్య ఈ భాగహారం ఎంత కఠినంగా ఉండాలో నిర్ణయిస్తుంది. అది శాతం కాదు. క్వాలిటీ 80 అంటే నూటికి ఎనభై పాళ్లు నాణ్యత మిగిలిందని అర్థం కాదు; ఒక సాఫ్ట్‌వేర్‌లోని 80 మరో సాఫ్ట్‌వేర్‌లోని 80తో సమానమూ కాదు. ఫోటోషాప్‌లో సేవ్ చేసేటప్పుడు కనిపించే కొలబద్ద 0 నుంచి 12 వరకే ఉంటుంది. క్వాలిటీ 100 పెట్టినా జేపెగ్‌లో కొంత నష్టం తప్పదు. సాధారణంగా వెబ్ ఫోటోలకు 75 నుంచి 85 మధ్య ఉన్న సంఖ్య సరిపోతుంది; 90 దాటితే బరువు వేగంగా పెరుగుతుంది గానీ కంటికి దక్కేది స్వల్పం.

ఏ ఫోటో ముందుగా పాడవుతుందన్నది అందులోని విషయాన్ని బట్టి ఉంటుంది. ఎనుమాముల మార్కెట్‌లో ఆరబోసిన మిర్చి రాశిని ఎంత గట్టిగా కంప్రెస్ చేసినా లోపం త్వరగా కనిపించదు, ఎందుకంటే ఆ గజిబిజిలో గళ్ల అంచులు దాక్కుంటాయి. రామప్ప గుడిలోని నల్లరాతి మదనికల విషయం దీనికి పూర్తిగా భిన్నం. నునుపుగా సానబట్టిన ఆ దేహాల మీద వెలుగు చాలా నెమ్మదిగా చీకటిలోకి జారుతుంది. భాగహారం కఠినమైనప్పుడు ప్రతి గడీ ఒకే ఛాయగా మారి, భుజం మీద, నడుము మీద మెట్లు మెట్లుగా అతుకులు కనిపిస్తాయి. అందుకే అన్ని ఫోటోలకూ ఒకే క్వాలిటీ సంఖ్య పెట్టి వందల ఫైళ్లను ఒక్క నొక్కుతో మార్చేసే పద్ధతి మిర్చి ఫోటోలకు బరువును వృథా చేస్తుంది, శిల్పాల ఫోటోలకు నాణ్యతను చెడగొడుతుంది.

కుంకుమ రంగు అక్షరాలు, పసుపు నేపథ్యం

మన కన్ను వెలుగులోని తేడాలను పట్టినంత సన్నగా రంగులోని తేడాలను పట్టలేదు. జేపెగ్ దీన్ని ఆసరాగా చేసుకుని, వెలుగును ప్రతి పిక్సెల్‌కూ ఉంచి, రంగును మాత్రం సాధారణంగా నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పున ఉంచుతుంది. మనుషుల ఫోటోల్లో ఈ పొదుపు తెలియనే తెలియదు. పసుపు నేపథ్యం మీద కుంకుమ రంగు అక్షరాలున్న శుభలేఖనో, జాతర పోస్టర్‌నో ఇలా దాచినప్పుడు మాత్రం అక్షరం అంచుల వెంట నారింజ రంగు మసక పరచుకుంటుంది. గడిలో ఒక పక్క అక్షరం, మరో పక్క ఖాళీ ఉన్నప్పుడు, పారేసిన అలల వల్ల ఖాళీ భాగంలో చీమలు పాకినట్లు చుక్కలు తేలుతాయి.

తెలుగు అక్షరాలకు ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది. తలకట్టు, గుడి, ఒత్తుల వంటి చిన్న భాగాల మీదే మన అక్షరాల తేడా ఆధారపడి ఉంటుంది. అక్షరం ఎత్తు పాతిక పిక్సెళ్లు ఉన్నప్పుడు తలకట్టుకు దక్కేవి నాలుగైదు పిక్సెళ్లే. ఆ నాలుగైదూ మసకబారితే ‘ప’కూ ‘వ’కూ తేడా పట్టుకోవడం కష్టమవుతుంది. కాబట్టి అక్షరాలున్న చిత్రానికి జేపెగ్ తగదు. ఏమీ పారేయని పీఎన్‌జీ తగినది. జేపెగే తప్పనిసరైతే, రంగును కూడా ప్రతి పిక్సెల్‌కూ ఉంచే 4:4:4 అనే సబ్‌శాంప్లింగ్‌ను ఎంచుకోవాలి. అన్నిటికంటే మేలైనది, చదవాల్సిన విషయాన్ని చిత్రంలో ఇరికించకుండా పేజీలో అక్షరాలుగానే టైప్ చేయడం. అప్పుడు అది ఏ తెర మీదనైనా స్పష్టంగా ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, చూపు లేనివారికి ఫోన్ చదివి వినిపిస్తుంది.

కొత్త ఫార్మాట్ల సంగతి క్లుప్తంగా: గూగుల్ 2010లో ప్రకటించిన వెబ్‌పీ, దాదాపు అదే నాణ్యతకు జేపెగ్ కంటే 25 నుంచి 34 శాతం తక్కువ బరువు తూగుతుందని ఆ సంస్థ చెబుతుంది. 2019లో వచ్చిన ఏవిఫ్ తక్కువ బరువులో ఇంకా మెరుగ్గా నిలుస్తుంది, తయారీకి మాత్రం ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న ప్రధాన బ్రౌజర్లన్నీ ఈ రెండింటినీ తెరుస్తాయి. ఒక్క మినహాయింపును గుర్తుంచుకోవాలి: పారేసే రకం వెబ్‌పీ ఎప్పుడూ రంగును నాలుగు పిక్సెళ్లకు ఒకటిగానే ఉంచుతుంది కాబట్టి, పసుపు మీద కుంకుమ అక్షరాల సమస్య అందులో తీరదు; దానికి ఏమీ పారేయని రకం వెబ్‌పీని ఎంచుకోవాలి. ఐఫోన్లు 2017 నుంచి వాడుతున్న హీక్ ఫైళ్లను చాలా బ్రౌజర్లు చూపలేవు కాబట్టి వాటిని ముందే మార్చుకోవాలి.

వాట్సాప్ దారిలో వచ్చిన ఫోటో

ఉత్తర తెలంగాణలో ఒక చిన్న వ్యాపారం వెబ్‌సైట్‌కు ఫోటోలు చేరే దారిని గమనిస్తే నష్టం ఎక్కడ జరుగుతుందో తేలికగా అర్థమవుతుంది. యజమాని జమ్మికుంటలోనో జనగామలోనో ఫోన్‌తో ఫోటో తీసి, వాట్సాప్‌లో హనుమకొండలోని డిజైనర్‌కు పంపుతాడు. వాట్సాప్ దాన్ని కుదించి కంప్రెస్ చేస్తుంది. డిజైనర్ దాన్ని తెరిచి, పేరు జోడించి, మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేసి ఆమోదం కోసం తిరిగి పంపుతాడు. వాట్సాప్ మరోసారి కంప్రెస్ చేస్తుంది. యజమాని ఆమోదించిన ఆ ఫైల్‌నే వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే, వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్ దాన్ని ఇంకోసారి కుదిస్తుంది. చూసేవాడి దగ్గరికి చేరేసరికి ఫోటో నాలుగు సార్లు కంప్రెస్ అయి ఉంటుంది.

ప్రతిసారీ కొలత మారడం వల్ల 8 పిక్సెళ్ల గళ్లు కొత్త చోట పడతాయి. మొదటిసారి ఏర్పడిన అతుకులను రెండోసారి జేపెగ్ నిజమైన వివరాలుగా భావించి, వాటిని కాపాడటానికి చోటు ఖర్చు చేస్తూ, వాటి మీద కొత్త అతుకులు వేస్తుంది. ఒకసారి పారేసిన వివరాన్ని క్వాలిటీ సంఖ్య పెంచి సేవ్ చేయడం ద్వారా తిరిగి రప్పించలేము. బరువు పెరుగుతుంది తప్ప ఫోటో బాగుపడదు. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపిక కొంత మేలే గానీ అది కూడా కంప్రెస్ చేసిన రూపమే. అదే వాట్సాప్‌లో ఫోటోను డాక్యుమెంట్‌గా జతచేసి పంపితే అసలు ఫైల్ చెక్కుచెదరకుండా చేరుతుంది. పైసా ఖర్చు లేని ఈ ఒక్క మార్పు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కంటే ఎక్కువ నాణ్యతను కాపాడుతుంది.

ఎంత వెడల్పు చాలు

బ్రౌజర్ లెక్కలో ఒక సాధారణ ఆండ్రాయిడ్ ఫోన్ తెర 360 నుంచి 412 యూనిట్ల వెడల్పు ఉంటుంది. తెర సాంద్రతను బట్టి ఒక్కో యూనిట్ వెడల్పులో రెండు లేదా మూడు నిజమైన పిక్సెళ్లు ఉంటాయి. 360 యూనిట్ల తెర మీద మూడు రెట్ల సాంద్రత ఉంటే 1080 పిక్సెళ్ల ఫోటో ప్రతి చుక్కనూ నింపుతుంది. అంతకు మించి పంపిన ప్రతి పిక్సెల్‌నూ ఫోన్ తానే కుదించి పారేస్తుంది. 4000కు 3000 ఫోటోను తెరిచినప్పుడు, ఫైల్ ఎన్ని ఎంబీలున్నా, ఫోన్ మెమొరీలో అది పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున దాదాపు 48 ఎంబీలు ఆక్రమిస్తుంది. పది ఫోటోలున్న పేజీలో తక్కువ ధర ఫోన్ ఎందుకు మొరాయిస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

నెట్‌వర్క్ లెక్క ఇంకా స్పష్టమైనది. సెకనుకు 4 మెగాబిట్ల వేగం ఉన్నచోట 5 ఎంబీల ఫోటో రావడానికి 10 సెకన్లు పడుతుంది. 150 కేబీల ఫోటోకు సెకనులో మూడో వంతు కూడా పట్టదు. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో ఒకే టవర్ సామర్థ్యాన్ని వేల ఫోన్లు పంచుకోవలసి వస్తుంది. బస్సులు ఆగే చోటును, తప్పిపోయినవారి వివరాలను చూపే పేజీ అక్కడ తెరుచుకోకపోతే అది అందం గురించిన సమస్య కాదు. గూగుల్ కూడా పేజీలోని అతిపెద్ద అంశం 2.5 సెకన్లలోపు కనిపించాలన్న కొలమానాన్ని పెట్టింది, చాలా పేజీల్లో ఆ అతిపెద్ద అంశం పై భాగంలోని ఫోటోయే.

ఒకే ఫోటో ఫోన్‌కూ, కంప్యూటర్‌కూ సరిపోదు కాబట్టి 480, 800, 1200, 1600 పిక్సెళ్ల వెడల్పుల్లో నాలుగు రూపాలను తయారుచేసి, పేజీ కోడ్‌లో ఎస్‌ఆర్‌సీ‌సెట్ అనే సదుపాయంతో వాటి జాబితా ఇస్తే, తన తెరకు తగినదాన్ని బ్రౌజరే ఎంచుకుంటుంది. ఫోటో వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాసి ఉంచితే దానికి కావలసిన చోటు ముందే సిద్ధమవుతుంది, చదువుతుండగా వాక్యాలు కిందికి దూకవు. కిందికి వెళ్లినప్పుడే ఫోటోలను తెప్పించే లేజీ లోడింగ్ మంచిదే. పేజీ తెరవగానే కనిపించే మొదటి ఫోటోకు మాత్రం దాన్ని పెట్టకూడదు, పెడితే కనిపించాల్సిన ఫోటోయే ఆలస్యమవుతుంది.

వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌ను వాడేవారికి ఈ పనిలో చాలావరకు దానంతటదే జరిగిపోతుంది. 2560 పిక్సెళ్లు దాటిన ఫోటోను అది ఆ కొలతకు దించి, 300, 768, 1024, 1536 వంటి వెడల్పుల్లో నకళ్లు తీసి, జేపెగ్‌లకు 82 క్వాలిటీ వర్తింపజేస్తుంది. ఇది తెలియక, ముందే 60 క్వాలిటీకి నలిపిన ఫోటోను ఎక్కిస్తే అది రెండోసారి నలుగుతుంది. వర్డ్‌ప్రెస్‌కు ఇవ్వాల్సింది 2000 పిక్సెళ్లకు తగ్గని, 90కి పైబడిన క్వాలిటీ ఉన్న ఫైల్.

మిర్చి ఎరుపు వెలిసిపోవడం

కొన్నిసార్లు పదును తగ్గదు, గళ్లు కనిపించవు, అయినా రంగు వెలిసిపోతుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చికి దాని ముదురు ఎరుపే ఆకర్షణ కాబట్టి ఈ లోపం అలాంటి ఫోటోల్లో కొట్టొచ్చినట్లు కనబడుతుంది. కొన్ని ఫోన్లు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఫోటో తీసి, ఆ సంగతిని కలర్ ప్రొఫైల్ అనే చిన్న చీటీగా ఫైల్‌లో దాస్తాయి. బరువు తగ్గించే సాధనం ఆ చీటీని పీకేస్తే, బ్రౌజర్ అవే సంఖ్యలను 1996 నాటి ఎస్‌ఆర్‌జీబీ అనే చిన్న రంగుల పరిధి లెక్కలో చదువుతుంది, ఎరుపు పాలిపోతుంది. ముందుగా ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, తరువాత కుదించడం దీనికి విరుగుడు.

అదే ఫైల్‌లో ఉండే ఎగ్జిఫ్ సమాచారం గురించి ఒక హెచ్చరిక అవసరం. ఫోటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా అందులో ఉండవచ్చు. ఇంట్లోనే మగ్గం పెట్టుకున్నవారు, ఇంటి నుంచే సరుకు అమ్మేవారు ఆ సమాచారాన్ని తొలగించిన తరువాతే ఫోటోను బయటపెట్టడం క్షేమం. ఫోటో నిలువుగా ఉందా అడ్డంగా ఉందా అన్న గుర్తు కూడా అక్కడే ఉంటుంది కాబట్టి, తొలగించే ముందు ఫోటోను నిజంగానే తిప్పి సేవ్ చేయాలి. లేకపోతే కొన్నిచోట్ల మనిషి పడుకున్నట్లు కనిపిస్తాడు.

చిన్న ఫోటోను పెద్దది చేయగలమా

తరచూ ఎదురయ్యే చివరి ప్రశ్న దీనికి వ్యతిరేక దిశలో ఉంటుంది. పదిహేను ఇరవై ఏళ్ల కిందటి 640కు 480 పిక్సెళ్ల ఫోటోను ఇప్పుడు 1600 వెడల్పుకు పెంచాలంటే, ఉన్న ఒక్కో పిక్సెల్ స్థానంలో ఆరు కంటే ఎక్కువ పిక్సెళ్లు కావాలి. మామూలు పద్ధతులు వాటిని పక్కవాటి సగటుతో నింపుతాయి, ఫోటో మసకగా పెద్దదవుతుంది. కృత్రిమ మేధ సాధనాలు అక్కడ ఉండి ఉండవచ్చనిపించే వివరాన్ని ఊహించి గీస్తాయి. ప్రకృతి దృశ్యానికి అది సమ్మతమే కావచ్చు. శిలాశాసనంలోని అక్షరానికీ, పోయిన మనిషి ముఖానికీ మాత్రం ఆ ఊహ తగదు. ఎందుకంటే అక్కడ చేరిన వివరం కాకతీయుల శిల్పి చెక్కింది కాదు, ఆ మనిషిది కాదు.

ఇటువంటి సందర్భాల్లో ఫైల్‌తో కుస్తీ పట్టడం కంటే ఫోటో మూలాన్ని వెతకడం ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఇంటి ఆల్బమ్‌లో 4కు 6 అంగుళాల ప్రింటు ఉంటే 300 డీపీఐ దగ్గర స్కాన్ చేయడంతోనే 1200కు 1800 పిక్సెళ్లు దొరుకుతాయి. డీపీఐ అనే సంఖ్యకు నిజంగా అర్థం ఉండేది ఇలాంటి చోటే. స్టూడియోలో గానీ బీరువాలో గానీ 35 మిల్లీమీటర్ల నెగెటివ్ మిగిలి ఉంటే, దాన్ని 2400 డీపీఐ దగ్గర స్కాన్ చేసినప్పుడు దాదాపు 3400కు 2268 పిక్సెళ్ల ఫైల్ వస్తుంది. నేటి ఏ వెబ్ పేజీకైనా సరిపోయేంత వివరం అందులో ఉంటుంది. ఫంగస్ పట్టకముందే వాటిని పొడిగా ఉన్న చోటికి మార్చి, స్కాన్ చేయించి, ఆ ఫైళ్లను కుదించకుండా విడిగా ఒక డిస్కులో దాచితే, రేపు వెబ్‌సైట్‌కు ఏ కొలత కావాలన్నా మళ్లీ అక్కడి నుంచే తీయవచ్చు.